నిదానపు పొయ్యికి నా ఓటు, ఒక్క రాజ్మాకు తప్ప

మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఆహార నియమాలు చెప్పడం నా వృత్తిజీవితంలో దాదాపు నిత్యకృత్యం. చెప్పినంతసేపూ తల ఊపి, లేచి వెళ్ళేముందు దంపతులలో ఎవరో ఒకరు ఒకే మాట అనేవారు: "మీరు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయండీ, వండేది ఎవరు?" ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉండేది కాదు. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళి, ట్రాఫిక్ దాటుకుని రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరితే, ఆ తర్వాత కూరలు తరిగి, పప్పు ఉడికించి, చారు కాచి తినేసరికి పది దాటుతుంది. అందుకే ఫోను తీసి బిర్యానీయో నూడుల్సో తెప్పించుకుంటారు. నూనె ఎంత, ఉప్పు ఎంత అన్నది వండినవాడికే తెలియాలి. కీలు కీలుకూ నీతులు చెప్పే నావంటి వైద్యుడు ఆ పూట వాళ్ళ వంటింట్లో ఉండడు గదా.

కనుక స్లో కుక్కర్ అనే విద్యుత్ పాత్రను గురించి నేను అనుకూలంగా వ్రాస్తున్నాను. ఉదయం అన్నీ అందులో వేసి మీట నొక్కి వెళ్ళిపోతే, సాయంత్రం వచ్చేసరికి వేడివేడిగా భోజనం సిద్ధంగా ఉంటుంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో స్థిరపడ్డ మనవారి ఇళ్ళలో ఇది ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖలలోనూ కనిపిస్తున్నది. నా వయసువారు దీనిని చూసి పెదవి విరుస్తారు. "పొద్దున వేసింది రాత్రి తినడమేమిటి, అది తాజా వంట ఎలా అవుతుంది?" అంటారు. ఈ ఆక్షేపణ నాకు అంత సబబుగా తోచదు.

మన పెరళ్ళలో దాలిగుంట ఉండేది. పిడకలు రగిలించి, బూడిద కప్పి, పైన పాలకుండ పెట్టి వదిలేస్తే, ఆ పాలు ఉదయం నుంచి సాయంత్రం దాకా కాగి, ఎర్రబారి, రొట్టె మందాన మీగడ కట్టేవి. ఆ పెరుగు రుచి ఎరిగినవారు ఇప్పటికీ మరువలేరు. కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఉలవలు ఉడికించి పశువులకు పెట్టి, ఆ ఉడికిన నీటిని గంటల తరబడి మరిగించి కాచే ఉలవచారు కూడా నిదానపు వంటే. హైదరాబాదు హలీమ్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మట్టి, ఇటుకల భట్టీలో కట్టెల మంట మీద పన్నెండు గంటల వరకూ ఉడికి, చెక్క కర్రలతో మెదిపితేగాని అది హలీమ్ కాదు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. నహారీ అనే మాటకు మూలమే ఉదయం. రాత్రంతా ఉడికి తెల్లవారి తినవలసినది అని. ఇన్ని ఉంచుకుని, నిదానపు వంట మనది కాదని ఎలా అనగలం?

ఆ మాటకొస్తే ఈ యంత్రం పుట్టుక కూడా ఒక పల్లె పొయ్యిలోనే ఉంది. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ ఇంజినీరు దీనికి 1940లో పేటెంటు పొందాడు. లిథువేనియా నుంచి వచ్చిన ఆయన యూదు కుటుంబంలో చోలెంట్ అనే వంటకం గురించి పెద్దలు చెప్పుకునేవారు. శనివారం విశ్రాంతి దినం గనుక పొయ్యి వెలిగించరాదు. అందుచేత శుక్రవారం సాయంత్రమే మాంసం, చిక్కుళ్ళు, ధాన్యం కుండలో పెట్టి ఊరి రొట్టెల బట్టీకి పంపేవారు. చల్లారుతున్న బట్టీలోని వేడికి అది రాత్రంతా ఉడికి మరునాటికి సిద్ధమయ్యేది. 1970లో నాక్సన్ తన వ్యాపారాన్ని రైవల్ అనే సంస్థకు అమ్మాడు. మరుసటి ఏడు ఆ సంస్థ క్రాక్‌పాట్ అనే పేరుతో దానిని విడుదల చేసింది. అమెరికాలో గృహిణులు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వెళుతున్న కాలం అది. మన నగరాలు ఇప్పుడు ఆ స్థితిలోనే ఉన్నాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నా పరువు తక్కువ సంగతి ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మేము అమెరికాలో మా అమ్మాయి ఇంట ఉన్నాము. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్థులు. ఊరకే కూర్చోవడం చేతగాక, ఒకరోజు వంట నేను చేస్తానన్నాను. మా శ్రీమతి "ఏమండీ, మీకెందుకు ఈ హైరానా?" అన్నది గాని నేను వినలేదు. ముందురాత్రి ఎర్ర రాజ్మా గింజలు నానబెట్టాను. ఉదయం ఆ గింజలు, ఉల్లి, టమాటా, అల్లం, మసాలా అన్నీ స్లో కుక్కర్‌లో వేసి, తక్కువ వేడి మీద పెట్టాను. సాయంత్రం అయిదింటికి మూత తీస్తే ఇల్లంతా ఘుమఘుమ. గింజ అక్కడక్కడ కాస్త పలుకుగా తగిలింది. పోనిమ్మని వడ్డించాను. నేను, మా శ్రీమతి, ఆరేళ్ళ మనవరాలు తిన్నాము. రెండు గంటలు గడవకముందే ముగ్గురికీ ఒకరి తర్వాత ఒకరికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. పసిపిల్ల నిలువునా వాడిపోయి నా భుజం మీద వాలిపోతే, ఓఆర్‌ఎస్ చెంచాతో పోస్తూ నేను పడిన వేదన ఇప్పటికీ గుర్తే. అమ్మాయి నా వైపు చూసి "నాన్నా, ఏం వేశారు అందులో?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పాలు చెడిపోయి ఉంటాయని మొదట అనుమానించాను. ఆలస్యంగా వచ్చి, పెరుగన్నం మాత్రమే తిన్న అల్లుడు మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. అతడు అదే డబ్బా పాలు తోడుపెట్టిన పెరుగు తిన్నాడని మరునాడు తెలిసేదాకా నాకు అసలు దోషి ఎవరో అర్థం కాలేదు.

ఎర్ర రాజ్మా గింజలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది. ఇది ఒక రకమైన మాంసకృత్తు. పచ్చి గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటలలో తీవ్రమైన వికారం, వాంతులు, ఆ తర్వాత విరేచనాలు రావచ్చును. అదృష్టవశాత్తు కొన్ని గంటలలోనే చాలామంది కోలుకుంటారు. బాగా మరిగే నీటిలో ఉడికిస్తే ఈ విషం నశిస్తుంది. మరిగే స్థాయి చేరకుండా 80 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మాత్రం నశించకపోగా, పచ్చి గింజ కంటే అయిదు రెట్ల వరకూ విషగుణం పెరగవచ్చునని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. స్లో కుక్కర్‌లో పెట్టిన వంటకాల లోపలి వేడి చాలాసార్లు 75 డిగ్రీలు దాటలేదని కూడా పరీక్షలలో తేలింది. అంటే నేను చేసినది ఏమిటి? తొమ్మిది గంటలు శ్రద్ధగా ఆ గింజలను సరిగ్గా ప్రమాదకరమైన వేడిలో ఉంచాను. బ్రిటన్‌లో 1976 నుంచి 1989 వరకు ఇటువంటి అనుమానిత సంఘటనలు 50 దాకా పరిశీలనకు వచ్చాయి. ముప్పైఅయిదేళ్ళు వైద్యం చేసిన నాకు ఈ విషయం తెలియకపోవడానికి కారణం ఒకటే. మన ఇళ్ళలో రాజ్మా ప్రెషర్ కుక్కర్‌లో ఉడుకుతుంది. అక్కడ వేడి 100 డిగ్రీలు దాటుతుంది గనుక ఈ విషం మనకు ఎదురుపడదు. ఒక పాత్రలో నిరపాయమైన గింజ మరో పాత్రలో అపాయకరం కాగలదన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ రాత్రి తర్వాత మా అమ్మ వంట తీరు పదే పదే గుర్తుకు వచ్చింది. ఆమె ఏ కుండనూ నేరుగా కుంపటి మీద పెట్టి వదిలేది కాదు. ముందు కట్టెల పొయ్యి మీద పెద్ద మంట. "ఒక పొంగు రానీ" అనేది. ఆ పొంగు వచ్చి, కుతకుతలాడిన తర్వాత కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద మగ్గనిచ్చేది. పాలు సైతం ఎసట్లో వేడెక్కిన కుండలోనో, ఒకసారి పొంగించిన తర్వాతో దాలికి చేరేవి. నిదానం ఎప్పుడూ రెండో అంకమే. యంత్రం మొదటి అంకాన్ని ఎగరగొట్టి నేరుగా రెండో అంకంలోకి తీసుకుపోతుంది. సౌకర్యం అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది.

కనుక నా షరతు: గింజధాన్యం ఏదైనా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పొయ్యి మీద కుతకుతమని మరిగించిన తర్వాతే స్లో కుక్కర్‌లోకి పోవాలి. రాజ్మాకు పది నిమిషాల మరుగు చాలునని కొందరు, లోపలి గింజ దాకా వేడి చేరడానికి అరగంట కావాలని అమెరికా సంస్థ చెబుతున్నాయి. నేను అరగంట పక్షం. తెల్ల రాజ్మాలో ఈ లెక్టిన్ తక్కువే గాని లేకపోలేదు. కందిపప్పు, పెసరపప్పులతో ఈ భయం లేదు. డబ్బాలలో వచ్చే ఉడికించిన రాజ్మా ఉపయోగిస్తే అసలు చింతే లేదు. ఇంత శ్రమ దేనికి, రాజ్మా మాత్రం ప్రెషర్ కుక్కర్‌లోనే వండుకుంటాం అంటారా, అదింకా మంచిది. మా ఇంట్లో ఇప్పుడు అదే చట్టం. శాసనకర్త మా శ్రీమతి.

మాంసం విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ నడుమ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఫ్రీజర్ నుంచి తీసిన మాంసపు గడ్డను అలాగే స్లో కుక్కర్‌లో వేస్తే ఆ నడుమ స్థితిలోనే గంటల తరబడి ఉంటుంది. ముందే ఫ్రిజ్‌లో కరగనిచ్చి, బాండీలో ఒకసారి వేయించి, మరిగే నీళ్ళు పోసి పెట్టాలి. నిన్నటి కూరను వేడి చేయడానికి కూడా ఈ పాత్ర పనికిరాదు. పొయ్యి మీద పొగలు వచ్చేలా కాచి, ఆ తర్వాత కావాలంటే ఇందులో వేడిగా ఉంచుకోవచ్చును.

విదేశీ పుస్తకాలలో అంతగా కనిపించని ఒక ఇబ్బంది మనకు ఉంది: కరెంటు. ఉదయం తొమ్మిదికి మీట నొక్కి వెళ్ళారు. పదకొండింటికి కరెంటు పోయి ఒంటిగంటకు వచ్చింది. సాయంత్రం మీరు వచ్చేసరికి కూర వేడిగా, ఉడికి, చక్కని వాసనతో ఉంటుంది. మధ్యలో జరిగినది ఎవరికీ తెలియదు. గోరువెచ్చని కుండలో కొన్ని సూక్ష్మజీవులు విడుదల చేసే విషం తర్వాత ఎంత మరిగించినా చావదు. స్టెఫిలోకాకస్ విషం, అన్నంలో పెరిగే బాసిలస్ సీరియస్ అనే జీవి వాంతి విషం అటువంటివే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయిందని తెలిస్తే, ఆ వంట పారబోయమనే సూచన అమెరికా వ్యవసాయ శాఖది. పారబోయడానికి మనకు మనసు రాదు, నాకూ రాదు. అందుకే ఇన్వర్టర్ లేని ఇళ్ళవారికి నేను చెప్పేది వేరు: పగలు వదిలి వెళ్ళడం మానుకుని, రాత్రి మీరు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు పెట్టుకోండి. ఫ్యాను ఆగితే మీకే మెలకువ వస్తుంది. తెల్లవారి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రాత్రి భోజనం సిద్ధం. పచ్చి సరుకు వేసి, మూడు గంటల తర్వాత మొదలయ్యేట్టు టైమరు పెట్టే ఏర్పాటును మాత్రం మన ఎండాకాలంలో వాడకండి. రోహిణి కార్తెలో వంటిల్లు సూక్ష్మజీవులకు అత్తవారిల్లు.

చల్లార్చడం అన్నాను గదా, అందులోనూ మెలకువ ఉంది. నిండు కుండను అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడుమ భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. మాంసపు కూరలలో క్లోస్ట్రీడియమ్ పెర్ఫ్రింజెన్స్ అనే జీవి బీజాలు వంట వేడికి చావవు. ఆ వెచ్చదనంలో మొలకెత్తి, విజృంభిస్తాయి. లోతు తక్కువ గిన్నెలలోకి సర్ది, రెండు గంటల లోపల, ఎండాకాలమైతే గంట లోపల ఫ్రిజ్‌కు చేర్చాలి.

ఇంత భయపెట్టిన తర్వాత కూడా మా ఇంట్లో ఆ పాత్ర అటక ఎక్కలేదు. దానితో మేము చేసుకునేవి చెబుతాను.

ఉలవచారు మాకు మొదటి ఇష్టం. రాత్రి నానిన ఉలవలను పొయ్యి మీద ఇరవై నిమిషాలు బాగా మరిగించి, ఆ తర్వాత స్లో కుక్కర్‌లో తక్కువ వేడి మీద ఎనిమిది గంటలు ఉంచుతాము. వడకట్టిన ఆ నీటిలో చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, చిక్కబడేదాకా పొయ్యి మీద కాచి తాలింపు పెడితే సరి. మిగిలిన ఉలవలు పారేయకుండా గుగ్గిళ్ళు చేసుకుంటాము. చారుకు వెన్న జోడించే ఆచారం ఉంది. నేను ఒక చెంచాతో సరిపెట్టుకుంటాను. అంతకు మించి అడిగితే మా ఇంట్లో నా పాత ఉపన్యాసాలు నాకే వినిపిస్తారు.

ముద్దపప్పు, పప్పుచారు కూడా బాగా కుదురుతాయి. కందిపప్పు గంట నానబెట్టి, మరిగే నీళ్ళు పోసి, ఎక్కువ వేడి మీద మూడు నాలుగు గంటలు ఉంచితే వెన్నలా మెదుగుతుంది. చింతపండు, టమాటా వంటి పులుపు మొదటే వేస్తే పప్పు ఎంతకీ ఉడకదు. పులుపు చివరనే. ఆకుకూరలు, బీర, సొర మొదటినుంచి వేస్తే చీకి ముద్దయిపోతాయి. చివరి అరగంటలో వేసుకోవాలి. ఇంగువ, కరివేపాకు తాలింపు వడ్డించేముందు వేస్తేనే వాసన నిలుస్తుంది. ఉప్పు కూడా చివరనే. గంటల తరబడి ఉడికిన వంటలో మసాలా వాసన తగ్గి, చప్పగా అనిపిస్తుంది. ఆ లోటు ఉప్పుతో పూరించాలని చేయి ఉవ్విళ్ళూరుతుంది. పెద్దవారికి రోజుకు మొత్తం మీద 5 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక టీచెంచా, దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నిమ్మరసం పిండి చూడండి, సగం ఉప్పుతోనే సరిపోతుంది.

రంజాన్ నెలలో ఒకసారి ఇంటి హలీమ్ వండుతాము. గోధుమ రవ్వ, కొద్దిగా పప్పులు, కొవ్వు తీసిన మేక మాంసం. నెయ్యి బజారు హలీమ్‌లో పావు వంతు. అది అసలు హలీమ్ కాదని మా పక్కింటి మిత్రుడు తేల్చేశాడు. రెండుసార్లు వడ్డించుకుని మరీ తేల్చాడు.

ఈ పాత్ర అందరికీ ఒకేలా మేలు చేయదు. మూత్రపిండాల జబ్బు ముదిరి, పొటాషియం తగ్గించమని వైద్యుడు చెప్పినవారు కూరగాయలను నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంచేసుకోవాలి. స్లో కుక్కర్‌లో వంచేసేది ఏమీ ఉండదు, అంతా పులుసులోనే దిగుతుంది. వారికి నేరుగా ఇందులో వండిన కూర తగదు. గౌట్ ఉన్నవారికి కాళ్ళ సూపు, మాంసపు రసం ఇబ్బంది కలిగిస్తాయి. ప్యూరిన్లు నీటిలోకి దిగుతాయి గనుక, ముక్క మానేసి రసం మాత్రమే తాగుతున్నామని ఊరట చెందడం పొరపాటు. మధుమేహులు బియ్యం, గోధుమ రవ్వ గంటల తరబడి జావగా ఉడికించుకుంటే రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది. వారికి గింజలు, పప్పులు, కూరలు ఇందులో వండుకుని, అన్నమో రొట్టెయో కొద్దిగా విడిగా తినడం మేలు. ఇక పళ్ళు లేని ముసలివారికి, మింగడం కష్టమైనవారికి మాత్రం ఇంతటి ఉపకారి మరొకటి లేదు. మా అత్తగారి చివరి రెండేళ్ళూ మెత్తగా ఉడికిన పప్పు, కూరముక్కల మీదనే గడిచాయి. ఆమె కోసం వేరే వంట చేయవలసిన పని తప్పి, మా శ్రీమతికి ఆ గంట ఆమె దగ్గర కూర్చునేందుకు మిగిలింది.

ఖర్చు గురించి కూడా అడుగుతారు. ఇంటి స్లో కుక్కర్ తక్కువ వేడి మీద సుమారు 200 వాట్లు తీసుకుంటుందనుకుంటే, ఎనిమిది గంటలకు ఒకటిన్నర యూనిట్లకు కాస్త పైన. గ్యాసు పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ అంతకంటే చవక కావచ్చును, త్వరగా ఉడుకుతుంది కూడా. ఇంట్లో పొద్దుటిపూట మనిషి ఉండేవారు ఈ కొత్త పాత్ర కోసం డబ్బు పోయనక్కరలేదు. రాత్రి ఎనిమిదింటికి తాళం తీసుకుని చీకటి ఇంట్లోకి అడుగుపెట్టేవారి కోసమే నేను వ్రాస్తున్నాను.

ఈ ఇళ్ళలో ఒక విషయం గమనించాను. పాత్ర కొన్నది ఇద్దరి జీతంతో. ఉదయం కూరలు తరిగి అందులో వేసేది మాత్రం ఇంకా ఆమే. "ఇప్పుడు నీకు పని తగ్గింది గదా" అని భర్త అంటాడు. ఉల్లిపాయలు తరగడానికి, పప్పు నానబెట్టడానికి, రాత్రి ఆ బరువైన పింగాణీ గిన్నె తోమడానికి నైపుణ్యం ఏమీ అక్కరలేదు. అరవై దాటాక, రాజ్మాతో ఇంటిల్లిపాదినీ పడకేయించిన తర్వాత, నేనే నేర్చుకున్నాను. మా ఇంట్లో ఉలవలు నానబెట్టే బాధ్యత ఇప్పుడు నాది. ఈ రాత్రికి నానబెట్టవలసి ఉంది.